‘వల్ల’ అనవచ్చునా? ఒక ప్రచురణల పట్టికకు తెలుగుసేత

ప్రశ్న: పర్లాకిమిడిలో మా తెలుగువారి సభకు ఒక వైద్య పరిశోధకుణ్ణి పిలుస్తున్నాము. ఆయన ప్రచురించిన వ్యాసాలలో కొన్ని మూత్రాశయాన్ని గురించినవి, కొన్ని వృద్ధుల మెదడు ఆరోగ్యాన్ని గురించినవి, మరికొన్ని రెండింటినీ కలిపి పరిశీలించినవి. పరిచయపత్రం కోసం ఒక శీర్షికను ఒకరు ‘మూత్రాశయపు మాత్రల వల్ల డిమెన్షియా’ (అంటే జ్ఞాపకం, ఆలోచన దెబ్బతినే మెదడు జబ్బు) అని తెలిగించగా, ఒడియా బడిలో చదివిన మరొకరు ‘మాత్రలకూ డిమెన్షియాకూ సంపర్కం’ అన్నారు. ఏది ఉంచమంటారు?

జవాబు: అయ్యా, రెండూ వద్దని నా మనవి. ఒడియాలో సంపర్కమంటే సంబంధమే కనుక గజపతి, రాయగడ, గంజాం జిల్లాల మనవారికి ఆ అర్థమే ముందు తోస్తుంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన అతిథులకు మాత్రం పత్రికల పుణ్యమా అని వేరే అర్థం తోచి, సభలో నవ్వులు వినబడతాయి. అంతకు మించిన హాని లేదు.

హాని ‘వల్ల’తోనే ఉంది. వలన, కంటె, పట్టి పంచమీ విభక్తి అని బడిలో వల్లించాము. వాటిలో ‘వలన’ హేతువును తేల్చి చెప్పే ప్రత్యయం. మూలంలోని శీర్షిక రెండింటికీ సంబంధం కనిపించిందనే అంటుంది గాని, కారణమని తేల్చేంత దూరం పోలేదు. మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ వంటి మందులు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనపు పనిని మూత్రాశయంలో అడ్డుకుంటాయి. జ్ఞాపకానికి కూడా ఆ రసాయనమే అవసరం కనుక, మెదడులోకి చేరే మందు అక్కడా అడ్డు తగలవచ్చునన్న అనుమానం సహజమైనది. 2019లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో డిమెన్షియా ఉన్న 58,769 మందిని, లేని 2,25,574 మందితో పోల్చి చూడగా, ఈ తరగతి మాత్రలను ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం వాడినవారిలో ఆ జబ్బు మరింతగా కనిపించింది. అయితే అది పాత వైద్య రికార్డులను పరిశీలించి చెప్పినదే గాని, కొందరికి మందు ఇచ్చి, కొందరికి ఇవ్వక చూసిన పరీక్ష కాదు. పైగా డిమెన్షియా బయటపడకముందే మెదడులో మార్పులు మొదలవుతాయి, మూత్రాన్ని ఎప్పుడు వదలాలో నిర్ణయించేదీ మెదడే కనుక, జబ్బు తొలిదశలోనే మూత్రపు ఇబ్బంది తలెత్తి, దానికోసమే మాత్రలు మొదలుపెట్టి ఉండవచ్చును. అప్పుడు మన ‘వల్ల’ తలకిందులవుతుంది. పరిశోధకులు ఈ చిక్కు తెలిసే, రోగనిర్ధారణకు ముందరి ఏడాది మందులను లెక్కలోకి తీసుకోలేదు. ఇంత జాగ్రత్తపడి రాసినదాన్ని మనము ఒక్క విభక్తితో తేల్చివేయడం న్యాయం కాదు.

గిడుగు వారు పనిచేసిన ఊరిలో వాడుకమాట వద్దనే ధైర్యం నాకు లేదు, ‘వల్ల’ వాడుకమాటే. కాని వాడుకలోనే ‘ఫలానా మందు వాడేవాళ్ళలో ఇది ఎక్కువ’ అని కూడా అంటాము. ఆ ‘లో’ చాలు.

మరొక సభ్యుని మాట: ‘ముడిపడి ఉన్నది’ అంటే పొట్టిగా ఉంటుంది కదా?

జవాబు: పొట్టిగా ఉంటుంది గాని, వినేవారు దాన్నీ కారణంగానే పట్టుకుంటారు. శీర్షికను ‘మూత్రాశయపు మాత్రలు వాడిన వృద్ధులలో డిమెన్షియా: ఒక పరిశీలన’ అని వేయండి. డిమెన్షియాను మతిమరుపు అనకపోవడం బాగున్నది. అందులో ఆలోచన, మాట, నడవడి కూడా దెబ్బతింటాయి. మెదడులోకి అంతగా చేరని ట్రోస్పియం, వేరే దారిన పనిచేసే మిరాబెగ్రాన్ వంటి మందులు కూడా ఉన్నాయి కనుక, ‘వైద్యుణ్ణి అడగకుండా మాత్రలు మానవద్దు, మార్చవచ్చునేమో ఆయననే అడగండి’ అన్న వాక్యాన్ని పరిచయపత్రం అడుగున పెద్ద అక్షరాలలో అచ్చువేయించండి.