మాంసాహారి అయిన వియ్యంకుడు గారికి మా శాకాహారపు ఇంట్లో ఏమి వండిపెట్టాలి?

ప్రశ్న: విజయనగరం గృహిణి

మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి వాడతాము గాని మాంసం, చేప, గుడ్డు ఏవీ పొయ్యి ఎక్కవు. మా అబ్బాయిది ప్రేమ వివాహం, కోడలి పుట్టిల్లు నరసరావుపేట. మనవరాలి అన్నప్రాసనకని మా వియ్యంకుడు గారు ఉగాదికి ముందే వచ్చి, శ్రీరామనవమి దాకా మా దగ్గరే ఉంటారు. ఆయన రోజూ ఏదో ఒక నీచు లేనిదే భోజనం చేయని మనిషి.

కిందటిసారి వచ్చినప్పుడు ఆవ పెట్టిన అరటికాయ కూర వాసనకే పక్కకు జరిపారు, బెల్లం వేసిన పులుసు ఒక్క ముద్దతో ఆపేశారు. వంకాయ, కాకరకాయ, ఆనపకాయ ముట్టరు. మెత్తగా ఉడికిన కూర ఏదైనా విస్తట్లో అలాగే ఉండిపోతుంది. చివరికి ఆవకాయతోనూ పెరుగన్నంతోనూ సరిపెట్టుకుని, "చాలా బాగుందమ్మా" అని లేచిపోయేవారు. వంక పెట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. మా కోడలు మాత్రం తండ్రి విస్తరి వైపు చూసి ముఖం చిన్నబుచ్చుకునేది.

మా వంటింటి నియమం మార్చుకోలేను. అలాగని ఆయన మా ఇంట అర్ధాకలితో ఉండటం నాకు ఇష్టం లేదు. మన వైపు వంటల్లో ఆయనకు నచ్చగలిగినవి ఏవి? బయటి నుండి తెప్పించుకుని వసారాలో తింటానని ఆయన అడిగితే ఏమని చెప్పాలి?

జవాబు: శ్రీకాకుళం నుండి ఒక పెద్దావిడ

అమ్మా, మీరు చెప్పిన రెండు అయిష్టాలకూ, అంటే ఆవకూ బెల్లానికీ, పరిష్కారం ఒక్కటే, అది మీ చేతిలోనే ఉంది. ఈ రెండూ మనం చివర్లో కలిపేవే. ఆవాలు నీళ్ళతో నూరినప్పుడు పుట్టిన ఘాటు వేడి తగిలితే పోతుంది కాబట్టి ఎలాగూ కూర దించి, కాస్త చల్లారాకే ఆవముద్ద కలుపుతాము. ఆ కలపడానికి ముందే ఆయనకు సరిపడా కూర వేరే గిన్నెలోకి తీసి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి మరోసారి పోపు పెట్టండి. పులుసు కూడా బెల్లం వేయక ముందే కొంత తీసి ఉంచి, అందులో పచ్చిమిరపకాయలు చీల్చి వేసి ఇంకొక పొంగు రానివ్వండి. ఒకే పొయ్యి మీద, ఒకే వంటలో, ఇంటివారికి ఇంటి రుచి, ఆయనకు ఆయన రుచి దొరుకుతాయి. వేరుగా వండారన్న మొహమాటం కూడా ఆయనకు ఉండదు.

ఇక మెత్తటి కూరల సంగతి. మాంసం తినే అలవాటున్నవారికి పంటి కింద నమలడానికి ఏదైనా తగలాలి. బీరకాయ, ఆనపకాయ వంటివి అది ఇవ్వలేవు. పనసకాయ ఇస్తుంది, మీ అదృష్టం కొద్దీ ఆయన వచ్చేది సరిగ్గా లేత పనసకాయల రోజుల్లోనే. మనం ఎప్పుడూ పొట్టు కొట్టించి ఆవ పెట్టిన కూరే వండుతాము గాని, ఈయన కోసం ముక్కలుగానే వండండి. గింజ గట్టిపడని కాయ చూసుకోవాలి, ముదిరితే తియ్యదనం వస్తుంది, మసాలా పట్టదు. చేతులకు, కత్తికి నూనె రాసుకుని చెక్కు తీసి, పెద్ద ముక్కలు కోసి, ఉప్పు, పసుపు వేసిన నీళ్ళలో ముప్పాతిక వంతు ఉడికించి వార్చాలి. ఆ ముక్కలను నూనెలో అంచులు ఎర్రబడే దాకా వేయించడం ముఖ్యం. ఈ పని మానేస్తే కూర మళ్ళీ ముద్దే అవుతుంది. అరకిలో ముక్కలకు రెండు ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు చెంచాల ధనియాలు, ఒక చెంచా గసగసాలు, నాలుగు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్క, గుప్పెడు పచ్చికొబ్బరి సరిపోతాయి. కారం మాత్రం మీ చేతి కొలతకు రెట్టింపు వేయండి. పొద్దున్న వండి మధ్యాహ్నం వడ్డిస్తే ముక్కకు మసాలా బాగా పడుతుంది.

ఇంకొకటి పచ్చి జీడిపప్పు. పలాస, కంచిలి, సోంపేట వైపు తోటల నుండి వేసవిలోనే వస్తుంది. గింజ పెంకులోని జిడ్డు చర్మాన్ని కాలుస్తుంది కనుక ఒలిచిన పప్పే కొనండి. వేడినీళ్ళలో కాసేపు ఉంచితే పైపొర సులువుగా వస్తుంది. పనసకు చెప్పిన మసాలాలోనే టమాటా వేసి వండితే, మన జిల్లా నుండి అతిథికి పెట్టదగిన కూరల్లో దీనిని మించింది నాకు తెలియదు. పచ్చిది దొరకకపోతే ఎండు పప్పు రాత్రంతా నానబెట్టి వాడవచ్చు.

జవాబు: బొబ్బిలిలో ఉద్యోగం చేస్తున్న గుంటూరు మనిషిని

నేను మాంసం తింటాను, ఇక్కడ ఎన్నో శాకాహారుల ఇళ్ళలో భోజనం చేశాను కనుక విస్తరికి అవతల కూర్చున్నవారి తరఫున చెబుతున్నాను. మా వైపు మనిషికి నీచు లేని లోటు కంటే కారం లేని లోటు ఎక్కువ బాధిస్తుంది. అన్నంలో మొదటి ముద్ద గట్టిగా పడితే తరువాతి వాటి గురించి పెద్దగా పట్టించుకోడు. వేడన్నం, నెయ్యి, కందిపొడి లేదా నల్లకారంతో మొదలుపెట్టండి. రోజూ ఒక రోటి పచ్చడి ఉండాలి. గోంగూర పచ్చడి చేసిన రోజు పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్కలు పెట్టడం మరచిపోకండి. దొండకాయ, బెండకాయ, కంద వంటివి కరకరలాడేలా వేపుడు చేస్తే మెత్తదనం అన్న పేచీయే రాదు. చల్ల మిరపకాయలు, వడియాలు మీ ఇళ్ళలో ఎలాగూ ఉంటాయి.

ఉలవచారు గుర్తుంచుకోండి. మా ప్రాంతం వారికి అది ఇష్టమైన వంటకం, మీ జిల్లాలో ఉలవలకు కొదవ లేదు. ఉడికించిన నీటిని చింతపండుతో చిక్కబడే దాకా సన్నని సెగ మీద మరిగించి, పైన వెన్న వేసి పెట్టండి, బెల్లం మాత్రం వద్దు. ఉడికిన గింజలను పారేయకుండా సాయంత్రం ఉల్లిపాయలతో గుగ్గిళ్ళు పోపు పెట్టండి. వంద గ్రాముల ఉలవల్లో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి కనుక, మాంసం మానిన ఆ కొద్ది రోజుల్లో నీరసపడతారేమోనన్న దిగులు కూడా మీకు అక్కరలేదు.

మీల్ మేకర్‌తో "ఇది అచ్చం మాంసంలాగే ఉంటుంది" అంటూ వడ్డించవద్దని నా మనవి. అలా చెప్పగానే తినేవాడి మనసు పోలిక వెతుకుతుంది, లేని దానినే గుర్తు చేసుకుంటుంది. పనసను పనసగానే పెట్టండి. అలాగే విస్తరి నిండా పది రకాలు చేయకండి, ఏది వదిలేసినా అందరికీ కనిపిస్తుందని అతిథి ఇబ్బంది పడతాడు. నాలుగు చాలు, నచ్చినది రెండు రోజులకొకసారి మళ్ళీ వండినా ఎవరూ తప్పుపట్టరు.

జవాబు: చీపురుపల్లి నుండి

వంట గురించి పైవారు చెప్పింది చాలు, మీ రెండవ ప్రశ్నకు జవాబిస్తాను. వసారాలో తినడానికి ఒప్పుకోవద్దు. అది మీకూ తృప్తిగా ఉండదు, ఇంటి వియ్యంకుణ్ణి గడప బయట కూర్చోబెట్టి పొట్లం విప్పించడం ఆయనకూ గౌరవం కాదు. దానికి బదులు మీవారో మీ అబ్బాయో ఆయనను ఊళ్ళో మంచి భోజన హోటలుకు తీసుకువెళ్ళి, ఆయనకు ఇష్టమైనది దగ్గరుండి తినిపించి తీసుకురావాలి. ఆ మాట ఆయన అడిగేదాకా ఆగకుండా, వచ్చిన మర్నాడే మీవారి నోట రావాలి. నియమం చెప్పేటప్పుడు క్షమాపణ ధోరణి అవసరం లేదు. "మా వంటింట్లో వండము అన్నయ్యగారూ, బయట మాత్రం మీకు ఏ లోటూ రానివ్వము" అని మీరు మామూలుగా అంటే ఆయన మామూలుగానే తీసుకుంటారు.

విజయనగరం గృహిణి

అందరికీ కృతజ్ఞతలు. ఆవ, బెల్లం కలపక ముందే తీసి ఉంచవచ్చన్నది ఇన్నేళ్ళుగా వండుతున్నా నాకు తట్టలేదు. మా కోడలిని అడిగితే, వాళ్ళ నాన్నగారికి ఉలవచారంటే ప్రాణమని, అడగడానికి మొహమాటపడి ఉంటారని చెప్పింది. మొదటి రోజుకు కందిపొడి, గోంగూర పచ్చడి, దొండకాయ వేపుడు, ఉలవచారు అనుకున్నాను. పనస మరునాడు. శ్రీకాకుళం అమ్మగారూ, కాయ ముందురోజు సాయంత్రమే కోసి ఉంచుకోవచ్చా?

శ్రీకాకుళం పెద్దావిడ

కోసి అలాగే వదిలేస్తే నల్లబడుతుందమ్మా. చెక్కు తీసిన వెంటనే పసుపు వేసిన పల్చటి మజ్జిగలో ముక్కలు మునిగేలా వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, తెల్లవారేదాకా బాగుంటాయి. ఉడికించే ముందు మంచినీళ్ళతో ఒకసారి కడిగితే పులుపు పోతుంది. అంతకంటే సులువు, రాత్రే ఉడికించి వార్చి ఉంచుకోండి. పొద్దున్న వేయించడం, మసాలా పట్టించడం మాత్రమే మిగులుతాయి.