1974 అంబాసిడర్‌కి పాత పెట్రోల్ ఇంజినే బాగుచేయించాలా, ఇసుజు డీజిల్ ఎక్కించాలా?

పెనుగొండ_కుర్రాడు

అందరికీ నమస్కారం అండి. మా తాతగారి 1974 మార్క్ 2 అంబాసిడర్ ఇప్పుడు నా పేరు మీదికి వచ్చింది. పెనుగొండ దగ్గర మా ధాన్యం షెడ్డులో చాలా ఏళ్లుగా ఆగిపోయి ఉంది. పైకి బాడీ బాగానే కనిపిస్తోంది. ఇంజిన్ మాత్రం పట్టేసింది, స్టార్టింగ్ హ్యాండిల్ వేసి తిప్పితే కదలడం లేదు. తణుకులో ఒక మేస్త్రికి చూపిస్తే రీబోర్ (సిలిండర్లు లోపల కొత్తగా తొలవడం) చేసి పిస్టన్లు మారిస్తే పాత ఇంజినే లేస్తుందన్నారు. మా బాబాయి గారేమో ఆ డబ్బుతో జపాన్ కంపెనీ ఇసుజు డీజిల్ ఇంజిన్ ఎక్కించెయ్, నిశ్చింతగా తిరగొచ్చు అంటున్నారు.

బండిని షెడ్డులో బొమ్మలా పెట్టుకోవాలని నాకు లేదు. ఆదివారం పాలకొల్లు, పెళ్లిళ్లకి భీమవరం, ఏడాదికోసారి అంతర్వేది తీర్థం, ఇలా తిరగాలి. ఈ రెండు సలహాల్లో ఏది వినాలో కారణాలతో చెప్పండి.

గట్టురోడ్డు

పాత ఇంజినే చేయించండి. నా మాట ఇదే.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే బ్రిటిష్ కారు నుంచి పుట్టిన బండి ఇది. మీ దాంట్లో ఉన్నది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బీ సిరీస్ ఇంజిన్, 1489 సీసీ. బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. పట్టేసిందంటే చచ్చిపోయిందని కాదు. చాలాసార్లు సిలిండర్లలో తేమ చేరి రింగులు అతుక్కుంటాయి, అంతే. ప్లగ్గులు తీసి డీజిలూ ఇంజిన్ ఆయిలూ కలిపి నాలుగు సిలిండర్లలో పోయించండి. కొన్నాళ్లు నానాక ఫ్లైవీల్ దగ్గర మెల్లగా కదిపి చూడమనండి. ఆ లోపు ఎవరైనా ట్రాక్టర్‌కి కట్టి గేర్‌లో లాగుదామంటే మాత్రం ఒప్పుకోవద్దు, కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి.

హెడ్డు విప్పినప్పుడు ఒక పని తప్పనిసరిగా చేయించండి. ఆ ఇంజిన్ సీసం కలిపిన పెట్రోల్ రోజుల్లో తయారైంది. మన దేశంలో 2000లో సీసం పెట్రోల్ ఆగిపోయింది. అప్పటిదాకా వాల్వు సీట్లని, అంటే వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే అంచుల్ని, కాపాడింది ఆ సీసమే. ఇప్పుడు గట్టి సీట్లు వేయించకుండా తిప్పితే ఎగ్జాస్ట్ వాల్వులు మెల్లగా హెడ్డులోకి దిగిపోతాయి. లేత్ పని తెలిసినవాళ్లకి ఇది పెద్ద పనేం కాదు.

ఇక అసలు సంగతి. ఇసుజు ఎక్కిస్తే దాని గేర్‌బాక్సు కూడా రావాలి. అంటే గేరు కింద నుంచి వస్తుంది, ఫ్లోరు కొయ్యాలి, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు పోతుంది. మా ఇంట్లో మార్క్ 3 ఉండేది. ముందు సీటు ఒకే బల్లలా ఉంటుంది కదా, నాన్నగారు తోలుతుంటే మధ్యలో నేను, అటు అమ్మ. వర్షాకాలం ఆచంట కాలువ గట్టు మీద వెళ్తుంటే ఫస్ట్ గేరు వేయడానికి నాన్నగారు బండిని పూర్తిగా ఆపేవారు. ఫస్ట్‌కి సింక్రో (గేరు పళ్ల వేగం కలిపే ఏర్పాటు) లేదు, కదులుతుండగా వేస్తే గర్రుమంటుంది. సెకండ్‌లోంచి థర్డ్‌లోకి వేసేటప్పుడు ఆయన చెయ్యి నా మొహం ముందు నుంచి వెళ్లేది. నేను తోలడం నేర్చుకున్నది ఆ చెయ్యి చూసే. తాతగారి బండి ఉంచుకుని ఆ తోలే పద్ధతి తీసేస్తే మీకు మిగిలేది డొక్కు మాత్రమే.

రాజోలు_ట్యాక్సీ

గట్టురోడ్డు గారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ మీరు ఇంటి కారు గురించి మాట్లాడుతున్నారు. నేను పొట్టపోసిన కారు గురించి చెబుతాను.

మా నాన్న అమలాపురం, రావులపాలెం, రాజమండ్రి లైనులో డీజిల్ అంబాసిడర్ తోలేవారు. వెనక నలుగురైదుగురు, ముందు ముగ్గురు, డిక్కీలో కొబ్బరికాయల బస్తాలు. 1996 నవంబర్ తుపాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కోనసీమలో చెట్లన్నీ రోడ్లకి అడ్డంగా పడిపోయాయి. గొడ్డళ్లు బండిలో వేసుకుని, కుర్రాళ్లని ఎక్కించుకుని, దారి చేసుకుంటూ మా ఊరి నుంచి ఇద్దరు బాలింతల్ని అమలాపురం తీసుకెళ్లారాయన. డైనమో, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు, దాంట్లోని పాయింట్లు అంటూ నీళ్లు చూస్తే భయపడే పెట్రోల్ బండి అయితే ఆ రోజు కదిలేది కాదు. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్గు లేదు, కాయిలు లేదు. ఒకసారి అందుకుంటే ఆగదు.

ఇసుజు అంటే ఎక్కడి నుంచో తెచ్చి అంటించింది కాదు. 1990ల మొదట్లో అంబాసిడర్ తయారుచేసే హిందుస్థాన్ మోటార్స్ కంపెనీయే 1800 ఐఎస్‌జెడ్ అని ఇసుజు పెట్రోల్ ఇంజిన్‌తో అంబాసిడర్ అమ్మింది. తర్వాత రెండు లీటర్ల ఇసుజు డీజిల్ కూడా ఇచ్చింది. 2014లో బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయేదాకా ఆ పేరు నిలబడింది ఇలా ఇంజిన్లు మార్చుకోబట్టే. కంపెనీ చేసిన పనే ఇంటి యజమాని చేస్తే తప్పెలా అవుతుంది?

ఇంకోటి. సిద్ధాంతం వంతెన మీద ఇప్పుడు లారీలు ఎంత స్పీడులో వస్తున్నాయో చూడండి. పెట్రోల్ మార్క్ 2 లీటరుకి పది కిలోమీటర్లు ఇవ్వడమే గొప్ప. తోలాలంటే టెన్షన్, పెట్రోల్ కొట్టించాలంటే టెన్షన్. చివరికి నెలకోసారి స్టార్ట్ చేసి ఆపేస్తారు. తిరగని బండి ఎలాగూ పోతుంది.

కాకినాడ_కాగితాలు

మీ ఇద్దరి వాదనా బాగుంది కానీ ఆర్‌సీ గురించి ఎవరూ మాట్లాడలేదు.

మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ చూడండి. తయారీదారు ఇచ్చిన వివరాలకి, అంటే ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజిన్ మార్చాలంటే ముందే రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి తీసుకోవాలి. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ సెక్షన్‌ని గట్టిగానే నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేకుండా చేసే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రాజోలు గారన్నట్టు కంపెనీ తర్వాతి మోడళ్లలో ఇసుజు పెట్టి ఉండొచ్చు. కానీ 1974 బండి ఆర్‌సీలో ఉన్నది పెట్రోల్, ఆ ఇంజిన్ నంబరు. రేపు ఏదైనా ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ వాళ్లు బానెట్ ఎత్తి చూస్తే సమాధానం చెప్పాల్సింది మీరే.

2021లో వింటేజ్ వాహనాలకి వేరే నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, చాసీ, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉంటే ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. మీ బండికి యాభై ఏళ్లు నిండాయి. ఇసుజు వేశారంటే ఆ దారి మూసుకుపోతుంది.

అలాగని వెంటనే వీఏ నంబరుకి పరిగెత్తొద్దు. ఆ నంబరుతో రోజువారీ తిప్పుకోవడానికి వీల్లేదు, ప్రదర్శనలు, ర్యాలీల్లాంటి వాటికే. మీరు ఆదివారాలు పాలకొల్లు వెళ్లాలంటున్నారు. ఆర్‌సీ బతికి ఉంటే ఫిట్‌నెస్ చేయించి మామూలు పద్ధతిలో ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవడమే మీకు సరిపోతుంది.

యానాం_పద్మిని

నాది 1980ల పద్మిని, అంటే ఫియట్ కారు, 1089 సీసీ. ఫియట్ వాడిని కాబట్టి అంబాసిడర్ గొడవలో తల దూర్చకూడదు కానీ ఒక్కటి చెప్పక తప్పదు. ఇంజిన్ కంటే ముందు బండిని లేపి కింద చూడండి.

మనది డెల్టా. ఏడాదంతా తేమ, సముద్రం దగ్గరైతే ఉప్పు గాలి. పంటు (బండ్లని ఏరు దాటించే పడవ) మీద బండి ఎక్కించేటప్పుడు చక్రాలు నీళ్లలో తడిసేవి, ఆ ప్రాంతంలో నీళ్లు ఉప్పుగానే ఉంటాయి. 2002లో యానాం, ఎదుర్లంక మధ్య వంతెన వచ్చేదాకా మా బండి అలాగే గోదావరి దాటేది. చక్రాల కింద చెక్కలు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, నేను లోపలే కూర్చునేవాడిని. నాకు చాలా ఇష్టమైన ప్రయాణాలు అవి. కానీ వాటి ఫలితం తర్వాత ఫ్లోరు మీద చూశాను, మ్యాట్ ఎత్తితే రోడ్డు కనిపించింది.

అంబాసిడర్‌కి విడిగా చాసీ లేదు. బాడీయే చాసీ. తలుపుల కింద సైడు పట్టీలు తుప్పు పట్టాయంటే బండి నడుము విరిగినట్టే. దాని మీద పుట్టీ పెట్టి రంగు కొట్టి ముందు బరువైన డీజిల్ ఇంజిన్ పెడితే తలుపులు సరిగ్గా పడడం మానేస్తాయి. ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగుల్లా పనిచేసే టోర్షన్ బార్లు కూడా పెట్రోల్ ఇంజిన్ బరువుకి లెక్క వేసినవే.

ఎండాకాలం పెట్రోల్ బండితో ఇబ్బంది లేదని నేను అనను. మే నెలలో ద్రాక్షారామం రోడ్డు మీద పెట్రోల్ పైపులోనే ఆవిరై బండి ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ వేసి చెట్టు కింద కూర్చోవడం ఫియట్ ఉన్నవాళ్లందరికీ తెలుసు. దాంతో బతకొచ్చు. తుప్పుతో బతకలేం.

గట్టురోడ్డు

రాజోలు గారూ, నాన్నగారు చేసిన పనికి చేతులెత్తి మొక్కాలి. ఒక్క విషయం మాత్రం చూడండి. 1996లో లైను బండ్లలో ఎక్కువగా ఉన్నది ఇసుజు కాదు, ఇదే బీ సిరీస్ కుటుంబానికి చెందిన 1489 సీసీ డీజిల్. గేరు స్టీరింగ్ పక్కనే. ముందు ముగ్గురు కూర్చోగలిగారంటే అందుకే. మీ జ్ఞాపకం పాత అంబాసిడర్ వైపే సాక్ష్యం చెబుతోంది.

వంతెన మీద లారీల మాట నిజమే. దానికి మందు బ్రేకులు. ముందు వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండరు, హోసులు అన్నీ కొత్తవి వేయించాలి. పెద్ద ఇంజిన్ పెట్టి అవే పాత డ్రమ్ము బ్రేకులతో వదిలేస్తే ఇంకా ప్రమాదం.

రాజోలు_ట్యాక్సీ

ఆ డీజిల్ మీరన్నదే. గేరు రాడ్డు పైనే ఉండేది, ఒప్పుకుంటున్నాను. బ్రేకుల మాట కూడా.

అయినా నా మాట మారదు. కాగితాలు సరిగ్గా చేసుకోగలిగితే రోజూ తిరిగే బండికి డీజిలే మేలు. మీరు చెబుతున్న పెట్రోల్ బండిని బాగా చూసుకునే మేస్త్రులు ఊరికి ఎందరు మిగిలారు? పాయింట్లు చెవితో విని సెట్ చేసేవాళ్లు మా రాజోలులో ఒక్కరే ఉన్నారు, ఆయనకీ పెద్ద వయసు. ఆయన తర్వాత ఎవరు? ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఒరిజినల్ అంటే నాకు నచ్చడం లేదు.

గట్టురోడ్డు

ఆ ప్రశ్న నిజమైనదే. అందుకే ఆయన ఉండగానే మనమే నేర్చుకోవాలంటాను. ఫీలర్ గేజ్‌తో పాయింట్ల గ్యాప్ పెట్టడం, కార్బరేటర్ విప్పి కడగడం ఇంటర్ చదివే పిల్లలు కూడా చేయగలరు. ఇసుజు వేసుకున్నవాళ్లకి రేపు డీజిల్ పంపు సరిచేయించడానికి (కాలిబ్రేషన్) ఎక్కడికెళ్లాలో అదీ అంత తేలిక కాదు.

పెనుగొండ_కుర్రాడు

అందరికీ ధన్యవాదాలు అండి. నిన్న బండిని జాకీల మీద లేపించాను. ఎడమ వైపు వెనక తలుపు కింద పట్టీని తుప్పు రెండు చోట్ల తినేసింది, కుడివైపు గట్టిగానే ఉంది. ఆర్‌సీ దొరికింది కానీ రెన్యువల్ ఎప్పుడో దాటిపోయింది. బాబాయి గారికి 52వ సెక్షన్ సంగతి చెప్పాను. ఆయన ఇంకా ఇసుజు అనే అంటున్నారు కానీ ముందు టింకరింగ్ (బాడీ రేకు పని) కానిమ్మన్నారు. సిలిండర్లలో డీజిలూ ఆయిలూ పోశాం. బ్లాకు పగలకపోతే పాత ఇంజినే చేయిస్తాను. పగిలి ఉంటే మళ్లీ ఇక్కడికే వస్తాను.

యానాం_పద్మిని

మంచి పని చేశారు. పెట్రోల్ ఇంజినే ఉంచుతున్నారు కాబట్టి ఇంకొక్క మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు పైపుల్నీ పెట్రోల్ పంపులోని డయాఫ్రమ్ (రబ్బరు పొర)నీ అది పాడుచేస్తుంది, గాలిలో తేమని కూడా లాక్కుంటుంది. ట్యాంకు దించి లోపల తుప్పు కడిగించండి, రబ్బరు అంతా కొత్తది వేయించండి. బండి వారాల తరబడి ఆగేటట్టుంటే ట్యాంకులో పెట్రోల్ నిలవ ఉంచొద్దు. ఆ వెనక పట్టీకి పుట్టీ కాదు, కొత్త రేకు కట్ చేసి వెల్డింగ్ పెట్టించండి.