టెరిటోరియల్ ఆర్మీలో చేరాలని ఉంది. పార్ట్‌టైమ్ సైనికులు నిజంగా ఎంత సీరియస్?

బురుజు_నీడ (కర్నూలు)
నాకు 29. ఇక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. టెరిటోరియల్ ఆర్మీ (టీఏ) ఆఫీసర్ పరీక్షకు అప్లై చేద్దామని రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. 18 నుంచి 42 ఏళ్ల మధ్య ఉండాలి, డిగ్రీ ఉండాలి, సొంత సంపాదన ఉండాలి. ఇవన్నీ నోటిఫికేషన్‌లో చదివాను, వాటి గురించి కాదు నా డౌట్. మా స్టాఫ్ రూమ్‌లో ఈ మాట ఎత్తితే "అది ధోనీ ఫొటోలకు వేసుకునే యూనిఫామ్ కదా సార్" అని నవ్వుతున్నారు. ఏడాదికి ఒకట్రెండు నెలల ట్రైనింగ్‌తో మనిషి సైనికుడు అవుతాడా? లోపల ఉన్నవాళ్లు, చూసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఉగ్గాని_బజ్జీ (కర్నూలు)
ముందు మీ స్టాఫ్ రూమ్‌కి నా తరఫున ఒక మాట చెప్పండి. ధోనీకి 2011లో ఇచ్చింది గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా, నిజమే. కానీ ఆయన 2015లో ఆగ్రా వెళ్లి విమానం నుంచి ఐదు సార్లు దూకాడు. 2019లో రెండు వారాలు కశ్మీర్‌లో 106 పారా టీఏ బెటాలియన్‌తో ఉన్నాడు. ఫొటోలకే అయితే అంత కష్టం ఎందుకు? పైగా మీరు వెళ్లే దారి వేరు. పరీక్ష, ఇంటర్వ్యూ, ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు), మెడికల్ దాటాలి. కాంగ్రెస్ నాయకుడు సచిన్ పైలట్ 2012లో అలా వచ్చినవాడే. నాకు తెలిసింది ఇంతే, మిగతాది పెద్దలు చెప్తారు.

పెన్న_ఇసుక (అనంతపురం)
నేను జవాన్‌గా చేరి ఎనిమిదేళ్లు. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో పరిగెత్తి, తొమ్మిది అడుగుల గుంత దూకి, బీమ్ పట్టుకుని వేలాడి ఎక్కాను. అప్పటివరకు నేను లారీ మీద టమోటా మదనపల్లెకు తోలేవాణ్ణి.

సార్, పార్ట్‌టైమ్ అనే మాటను మీరు నోటిఫికేషన్‌లో చూశారు, నేను ఇంట్లో చూశాను. మొదటి ఏడాది క్యాంపుకి పోయి వచ్చాను. తర్వాత మా కంపెనీని ఎంబాడీ చేశారు, అంటే పూర్తిగా డ్యూటీలోకి పిలిచారు. కశ్మీర్‌లో రెండేళ్లకు పైనే ఉన్నాను. జీతం రెగ్యులర్ వాళ్లతో సమానం, చలీ సమానమే. ఆ రెండేళ్లలో నేర్చుకున్నది వంద క్యాంపుల్లో రాదు. రాత్రి పోస్టు మీద నిలబడితే ఎవరూ చెప్పకుండానే చెవులు పనిచేయడం మొదలుపెడతాయి.

కష్టం వెనక్కి పంపినప్పుడు మొదలైంది. మళ్లీ లారీ. పొద్దున లేచి పరిగెత్తితే వీధి కుక్కలూ, మా మామా ఇద్దరూ అరిచేవాళ్లు. "ఎవడు పిలిచాడని పరిగెత్తుతున్నావు?" అనేవాడు ఆయన. ఆరు నెలలు పరిగెత్తాను. తర్వాత మానేశాను, అబద్ధం చెప్పను. పిలుపు వచ్చేసరికి తొమ్మిది కేజీలు పెరిగి ఉన్నాను.

పాత_హవల్దార్ (కడప)
పెన్న తమ్ముడు నిజం చెప్పాడు కాబట్టి నేనూ చెప్తాను. రెగ్యులర్ ఆర్మీలో 22 ఏళ్లు చేశాను. అందులో కొన్నేళ్లు ఒక టీఏ బెటాలియన్‌లో పీఐ స్టాఫ్‌ని. అంటే వీళ్లకు నేర్పడానికి రెగ్యులర్ నుంచి పంపే ఇన్‌స్ట్రక్టర్లం.

క్యాంపు మొదటి రోజు చూడాలి మీరు. బూట్లు బీరువాలో ఎండి సోల్ ఊడిపోయినవాడు ఒకడు, బెల్టుకి కొత్త రంధ్రం పొడుచుకున్నవాడు ఒకడు. ఇన్సాస్ రైఫిల్ విప్పి మళ్లీ బిగించమంటే నిరుడు కళ్లు మూసుకుని చేసిన మనిషే ఈ ఏడాది ఒక పిన్ను చేతిలో పెట్టుకుని నా మొహం చూస్తాడు. ఫైరింగ్‌లో గ్రూపింగ్ అంటాం, అంటే గుళ్లన్నీ ఒక చోట పడాలి. మొదటి వారంలో టార్గెట్ చూస్తే చిక్కుడు గింజలు చల్లినట్టు ఉండేది. మూడో వారానికి దారిలో పడేవాళ్లు. అంతలో క్యాంపు అయిపోయేది. మళ్లీ ఏడాదికి అదే పాఠం మొదటి నుంచి. ఐదేళ్ల సర్వీసు ఉన్నవాడు కూడా మొదటి ఏడాది పాఠాన్ని ఐదు సార్లు విన్నవాడిగానే మిగిలిపోతాడు. తెలివైనవాడికి ఇక్కడే విసుగు పుడుతుంది.

తప్పు వాళ్లదొక్కటే కాదు. మాలో కొందరు టీఏ పోస్టింగ్ అంటే రెస్ట్ దొరికిందని వచ్చేవాళ్లు. పీటీ గంట అని రాసి అరగంటలో ముగించేవాళ్లు. ఒక క్యాంపులో ఫైరింగ్ ముగియగానే లెక్క రాసుకుని, ఎవరికి ఎందుకు తప్పిందో చెప్పకుండానే టీకి పంపేశారు. నేర్పేవాడే తొందరపడితే ఇంటి దగ్గర పొలం పనులు వదిలి వచ్చినవాడు ఎందుకు మనసు పెడతాడు? నేనూ ఒకట్రెండు సార్లు అలా చేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

గుంతకల్_షంటింగ్
మా నాన్నది రైల్వే టీఏ. రైల్వే ఉద్యోగులతోనే కట్టిన యూనిట్లు అవి. 1974 రైల్వే సమ్మెలో బండ్లు నడపడానికి వాళ్లను పిలిచారు. తోటి ఉద్యోగులు సమ్మెలో ఉంటే నాన్న యూనిఫామ్‌లో డ్యూటీకి వెళ్లాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు మా క్వార్టర్స్‌లో కొందరు నాన్నతో మాట్లాడలేదు. పార్ట్‌టైమ్ సైనికుడి మోటివేషన్ అంటే నాకు అదే గుర్తొస్తుంది. డ్రిల్‌లో వాళ్లు అంత గొప్ప కాదట, నాన్నే నవ్వుతూ చెప్పేవాడు. పని మాత్రం రోజూ చేసేదే కాబట్టి కొత్తగా నేర్పాల్సిన అవసరం ఉండేది కాదు. 2021లో సికింద్రాబాద్‌ది సహా చాలా రైల్వే రెజిమెంట్లను ఎత్తేయాలని నిర్ణయించారు.

బుడ్డల_మిల్లు (అనంతపురం జిల్లా)
ఓనర్ల గోడు ఎవరూ చెప్పరు, నేను చెప్తా. మా మిల్లులో మెషిన్ ఆపరేటర్ ఒకడు టీఏ. బుడ్డలు (వేరుశెనగ) మార్కెట్‌కి వచ్చే సీజన్‌లోనే వాడికి పిలుపు వచ్చింది. తిరిగొస్తే ఉద్యోగం వెనక్కి ఇవ్వాలని చట్టంలో ఉందని ఒక కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. ఆ రోజు వాడి మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. రెండో మనిషిని పెట్టుకుని, రెండు బేరింగులు కాల్చుకుని సీజన్ గట్టెక్కించాం.

వాడు తిరిగొచ్చాక మరో తలనొప్పి. పొద్దున ఆరింటికే వచ్చి హమాలీలను లైన్‌లో నిలబెట్టి హాజరు తీస్తున్నాడు! ఇద్దరు పని మానేశారు. నూనె లెక్క మాత్రం అప్పటి నుంచి తేడా రాలేదు, అది ఒప్పుకుంటా.

పెన్న_ఇసుక
సేటూ, మీరు కనీసం ఉద్యోగం ఇచ్చారు. నా లారీ ఓనర్ వేరే డ్రైవర్‌ని పెట్టుకుని "చట్టం లారీ తోలుతుందా?" అన్నాడు.

దేవునికడప_కుర్రాడు
మా నాన్న హోంగార్డు. రోజు లెక్కన జీతం, పెన్షన్ లేదు. ట్రైనింగ్ సరిగా లేదని అందరూ అంటారు గానీ బందోబస్తు అంటే ముందు నిలబెట్టేది వాళ్లనే.

ఉగ్గాని_బజ్జీ
తమ్ముడూ, హోంగార్డులు పోలీసు కిందకు వస్తారు, ఇది సైన్యం సంగతి. ఇంకో చర్చ పెట్టు, నేనూ వస్తా.

దేవునికడప_కుర్రాడు
శాఖ వేరే అన్నా, బాధ ఒకటే.

బురుజు_నీడ
అందరికీ థ్యాంక్స్. హవల్దార్ సార్, ఒక ప్రశ్న. అవసరం వస్తే నిజంగా పిలుస్తారా? మా ప్రిన్సిపాల్‌ని సెలవు గురించి కదిపితే "సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?" అన్నారు.

పాత_హవల్దార్
పిలుస్తారు. 2025 మేలో టీఏ వాళ్లను పిలిచే అధికారం ఆర్మీ చీఫ్‌కి ఇస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఉన్న 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 వరకు ఎంబాడీ చేయొచ్చని అందులో ఉంది. ప్రిన్సిపాల్‌కి అది ప్రింట్ తీసి చూపించు.

ఇంకోటి. జవాన్లకు పెన్షన్ రావాలంటే ఎంబాడీ అయిన కాలం మొత్తం 15 ఏళ్లు కావాలి. ఇంట్లో కూర్చున్న ఏళ్లు లెక్కలోకి రావు. అందుకే క్యాంపులో చాలామంది పాఠం కన్నా "మళ్లీ ఎప్పుడు పిలుస్తారు సార్" అనే అడుగుతారు. రేపు నువ్వు ఆఫీసర్‌వి అయితే నీ ముందు నిలబడేది వాళ్లే. వాళ్లకు డబ్బు యావ అనుకోకు. పిల్లల ఫీజులు కట్టాలి వాళ్లు.

నువ్వు పరిగెత్తుతున్నావా అసలు?

బురుజు_నీడ
నిన్న ఔట్‌డోర్ స్టేడియంలో 1.6 కిలోమీటర్లకు టైమ్ చూసుకున్నాను సార్. ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు. చివర్లో నడిచాను కూడా. ఆఫీసర్ ఎంట్రీకి ఆ పరుగు లేదు కదా అని ధైర్యంగా ఉన్నాను.

పాత_హవల్దార్
నీకు లేదు. నీ ప్లాటూన్‌లో ఉండే ప్రతి ఒక్కడూ ఆ పరుగు దాటి వచ్చినవాడే. ఎండ ఎక్కకముందే మొదలుపెట్టు, ఆదివారం టైమ్ ఇక్కడే రాయి.

పెన్న_ఇసుక
నేనూ రాస్తా సార్. మళ్లీ మొదలుపెట్టాలి. మా మామకు చెప్పకండి.