పాత భయానక కథలు ఇంకో ఆరు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. ఈ నెలలో పది పాత భయానక కథలు చదవాలని నేనూ మా చెల్లీ పందెం వేసుకున్నాం. నాలుగయ్యాయి.

ఎడ్గార్ అలన్ పో 1843లో రాసిన ‘ది టెల్ టేల్ హార్ట్’తో మొదలుపెట్టాను. చంపినవాడికి నేల చెక్కల కింద నుంచి గుండె చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. కొన్ని పేజీల కథే, కానీ ఊపిరి ఆడనివ్వదు. అయితే నన్ను నిజంగా పట్టుకున్నది డబ్ల్యూ. డబ్ల్యూ. జాకబ్స్ 1902 నాటి ‘ది మంకీస్ పా’. ఇండియా నుంచి తెచ్చిన, కోరికలు తీర్చే ఎండిన కోతి పంజాను తండ్రి 200 పౌండ్లు అడుగుతాడు. డబ్బు వస్తుంది, కొడుకు ఫ్యాక్టరీ మెషీన్లో పడి చనిపోయినందుకు పరిహారంగా! చివర్లో తలుపు చప్పుడు, గడియ అందక కుర్చీ లాక్కుంటున్న తల్లి. సరిగ్గా అక్కడికొచ్చేసరికి మా ఇంట్లో కరెంటు పోయింది. బయట వాన, సముద్రపు గాలికి బాల్కనీ తలుపు టకటకా కొట్టుకుంటోంది. ఫోన్ లైటుతో వెళ్లి గడియ పెట్టొచ్చాకే మిగతాది చదవగలిగాను.

మిగిలిన ఆరూ ఇలాంటివే కావాలి. రక్తపాతం వద్దు, మనసులో గుబులు పుట్టించాలి. ఒక్క కూర్చోడంలో అయిపోవాలి. ముఖ్యంగా తెలుగు అనువాదాలు ఉంటే చెప్పండి, అమ్మకు ఇంగ్లీషు రాదు, రాత్రి భోజనాలయ్యాక చదివి వినిపించాలని నా కోరిక. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఇలాంటి సంపుటాలు చూసినవాళ్లెవరైనా ఉన్నారా? ఆదివారం వెళ్దామనుకుంటున్నాను.