పన్నెండంగుళాల స్పీకర్‌తో చిన్న బేస్ క్యాబినెట్: మూసెయ్యాలా, పోర్టు పెట్టాలా?

నాలుగు తీగలు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నా బేస్ గిటార్ కోసం చిన్న స్పీకర్ క్యాబినెట్ ఒకటి సొంతంగా చేసుకోవాలని ఉంది. చెక్కపని నాకు కొత్త కాదు. అరలూ బల్లలూ చేసిన అనుభవం ఉంది. లంబకోణం తప్పకుండా కోయగలను. శబ్దం సంగతి మాత్రం బొత్తిగా తెలియదు.

నా దగ్గరున్నది ఎనిమిది ఓమ్‌ల పన్నెండంగుళాల స్పీకర్ ఒకటి. దానితో వచ్చిన కాగితంలోని అంకెలు ఇవి: ఎఫ్ఎస్ 45 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.38, క్యూఈఎస్ 0.40, వీఏఎస్ 75 లీటర్లు, ఎక్స్‌మాక్స్ 5 మిల్లీమీటర్లు, సెన్సిటివిటీ 94 డెసిబెల్స్. యాంప్లిఫయర్ నాలుగు ఓమ్‌ల మీద 300 వాట్లు ఇస్తుంది.

పెట్టెను ఒంటిచేత్తో పట్టుకుని మెట్లెక్కగలగాలి. ఇంట్లో సాధనకు, అప్పుడప్పుడు మరీ హోరెత్తించని డ్రమ్మర్ ఉన్న చిన్న బృందంతో వాయించడానికి పనికొస్తే చాలు.

పూర్తిగా మూసిన పెట్టె చేయనా, పోర్టు (లోపలి గాలి వచ్చిపోయే గొట్టం) ఉన్నది చేయనా? ప్లైవుడ్ ఎంత మందం ఉండాలి? అన్నిటికన్నా నన్ను తొలిచేస్తున్న అనుమానం వేరే ఉంది. లావు తీగను ఏ మెట్టూ నొక్కకుండా మీటితే వచ్చేది 41 హెర్ట్జ్ కదా. ఇంత చిన్న పెట్టెలో అది పలుకుతుందా? పలకకపోతే ఈ శ్రమంతా దేనికి?

పెద్ద పెట్టె జవాబు:

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తెచ్చి మూసిన పెట్టె చేసెయ్యండి. లెక్కలు తక్కువ, తలనొప్పి తక్కువ. ఆంపెగ్ కంపెనీ వాళ్ళు 1969లో తెచ్చిన ఎస్‌వీటీ అనే బేస్ యాంప్లిఫయర్‌కు జతగా వచ్చిన ఎనిమిది స్పీకర్ల పెట్టె కూడా మూసినదే. ఇన్నేళ్ళయినా వేదికల మీద ఇంకా కనిపిస్తూనే ఉంది.

రంపపు పొట్టు జవాబు:

పెద్ద పెట్టె గారూ, ఆ ఉదాహరణ ఇక్కడ అతకదు. అందులో పదంగుళాల స్పీకర్లు ఎనిమిది ఒకేసారి గాలిని నెడతాయి. గుండెల్లో అదురు పుట్టేది ఆ వైశాల్యం వల్ల, పెట్టెకు కంత లేకపోవడం వల్ల కాదు. పైగా దాన్ని మెట్లెక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

నాలుగు తీగలు గారూ, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మిగతావి వాటంతటవే తేలతాయి.

లావు తీగను మీటితే 41 ఒక్కటే రాదు. దానితో పాటు 82, 124, 165 ఇలా పైకి వరుసగా వస్తాయి. చాలా బేస్ గిటార్లలో, అందులోనూ తీగల కంపనాన్ని పట్టే పికప్, తీగలు ఆనే బ్రిడ్జికి దగ్గరగా ఉన్నవాటిలో, 41 కన్నా 82 దగ్గరే బలం ఎక్కువగా ఉంటుంది. ఈ పై భాగాలు 41 చొప్పున ఎడంగా ఉన్నాయని గ్రహించిన చెవి, అడుగున ఉండాల్సిన 41ని తనే పూరించుకుంటుంది. చిన్న రేడియోలో కూడా బేస్ ఏ స్వరం వాయిస్తోందో మనకు తెలిసేది ఇందువల్లే. పేరున్న బేస్ క్యాబినెట్లలో కూడా చాలావాటికి 41 దగ్గర బలం బాగా తగ్గిపోయి ఉంటుంది. కాబట్టి ఆ అంకె వెంట పడకండి. 60 నుంచి 200 దాకా గట్టిగా, శుభ్రంగా పలికితే లావు తీగ లావుగానే వినిపిస్తుంది.

కేఎల్‌హెచ్ అనే స్పీకర్ల కంపెనీ పేరులో చివరి అక్షరం హాఫ్‌మన్‌ది. ఆయన పేరు మీద ఇనుప సూత్రం ఒకటి ఉంది. పెట్టె చిన్నగా ఉండటం, మంద్రం లోతుగా పలకడం, తక్కువ వాట్లకే ఎక్కువ శబ్దం రావడం, ఈ మూడింటిలో రెండే మీకు దక్కుతాయి. మీకు చిన్న పెట్టె కావాలి, డ్రమ్స్ మధ్య వినపడాలి. అంటే వదులుకోవాల్సింది అట్టడుగు మంద్రాన్నే. ఇంతకుముందు చెప్పినట్టు అది పెద్ద నష్టం కాదు.

మీ కాగితంలోని అంకెలను థీల్-స్మాల్ పారామీటర్లు అంటారు. ఎఫ్ఎస్ అంటే పెట్టె లేకుండా స్పీకర్ సహజంగా ఊగే స్వరం. క్యూటీఎస్ ఆ ఊపు ఎంత త్వరగా అణగుతుందో చెప్పే అంకె, అందులో విద్యుత్తు వల్ల అణిగే భాగం క్యూఈఎస్. వీఏఎస్ అంటే స్పీకర్ సస్పెన్షన్ ఎంత మెత్తగా ఉందో అంతే మెత్తగా ఉండే గాలి పరిమాణం. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో వేసిన పునాదిని రిచర్డ్ స్మాల్ 1970లలో విస్తరించాడు. వాటి పుణ్యమా అని చెక్క కోయకముందే ఫలితాన్ని కాగితం మీద చూడొచ్చు. 45 లీటర్లు అనుకుని మీ స్పీకర్‌కు లెక్క వేసి చూశాను.

మూసిన పెట్టెలో వీఏఎస్‌ను పెట్టె పరిమాణంతో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీయండి. 1.63 వస్తుంది. దాన్ని క్యూటీఎస్‌తో గుణిస్తే 0.62, ఎఫ్ఎస్‌తో గుణిస్తే 73 హెర్ట్జ్ చిల్లర. పెట్టెలో బిగించాక ఆ రెండు అంకెలూ ఇలా మారతాయన్నమాట. 0.62 మంచి అంకె, శబ్దం బిగువుగా ఉంటుంది. కానీ 85 హెర్ట్జ్ దగ్గరికే 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది, 41 దగ్గర 11 డెసిబెల్స్ దాకా పోతుంది.

అదే 45 లీటర్లకు పోర్టు పెట్టి 50 హెర్ట్జ్‌కు శ్రుతి చేస్తే, ఆ 3 డెసిబెల్స్ తగ్గుదల 50 దగ్గరికి జారుతుంది. అసలు తేడా 82 దగ్గర చూడండి. అక్కడ మూసిన పెట్టె 3 డెసిబెల్స్ పైచిలుకు కిందికి ఉంటే, పోర్టు పెట్టెలో తగ్గుదల లేకపోగా కాస్త మిగులే ఉంది. రెండింటికీ మధ్య 4 డెసిబెల్స్ తేడా. 3 డెసిబెల్స్ పెంచాలంటేనే వాట్లు రెట్టింపు చేయాలి. లావు తీగకు బలమంతా ఉండే చోట అంత లాభం ఊరికే వస్తుంటే వదులుకోమని నేను చెప్పలేను. ఎఫ్ఎస్‌ను క్యూఈఎస్‌తో భాగించినా 112 వస్తుంది. అది 50 దగ్గరుంటే మూసిన పెట్టెకు, 100 దగ్గరుంటే పోర్టుకు అనువైన స్పీకర్ అని ఒక మోటు లెక్క. మీ స్పీకర్ పోర్టునే కోరుతోంది.

పెట్టె లోపలి కొలతలు: ఎత్తు 46, వెడల్పు 36, లోతు 31 సెంటీమీటర్లు. అంటే 51 లీటర్లు. స్పీకర్ వెనుక భాగం, గొట్టం, లోపలి ఊతకర్రలు ఆక్రమించే చోటు తీసేస్తే 45 దగ్గరికి వస్తుంది. ఈ తీసివేత మరచిపోయేవాళ్ళు చాలామంది. పైన స్పీకర్, కింద గొట్టం అమరిస్తే ముందు పలకలో రెండూ సరిగ్గా పడతాయి.

గొట్టం లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లయితే పొడవు 13.6 రావాలి. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే స్వరం వెనుక ఉన్న సూత్రమే ఇదీ. మూతి సన్నబడినా, మెడ పొడవైనా స్వరం దిగుతుంది. మీరు మొదట 15 సెంటీమీటర్లకు పైగా ఉంచి కోయండి. స్పీకర్ బిగించాక ఫోనులో టోన్ జనరేటర్ పెట్టి, తక్కువ శబ్దంతో 40 నుంచి 60 వరకు మెల్లగా పెంచుతూ కోన్‌ను (స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ ఊగే భాగాన్ని) గమనించండి. ఒకచోట కోన్ దాదాపు కదలకుండా నిలబడి, గొట్టంలోంచి మాత్రం గాలి కొడుతుంది. శ్రుతి అక్కడ ఉన్నట్టు. అది 50 కన్నా కింద ఉంటే గొట్టాన్ని కొద్దికొద్దిగా కోసుకుంటూ రండి.

మెట్ల మీద మోత జవాబు:

రంపపు పొట్టు గారి లెక్కలతో నాకు పేచీ లేదు. పెద్ద పెట్టె గారు చెప్పిన 18 మిల్లీమీటర్ల చెక్క దగ్గరే పేచీ. ఆ కొలతల పెట్టెకు దాదాపు ఒక చదరపు మీటరు చెక్క పడుతుంది. 18తో చేస్తే చెక్కే పన్నెండు కిలోలు, 12తో చేస్తే ఎనిమిది. స్పీకర్‌కు బరువైన ఫెర్రైట్ అయస్కాంతం ఉంటే ఈ నాలుగు కిలోల తేడా భుజానికి బాగా తెలుస్తుంది. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసే పలక) జోలికి వెళ్ళకండి, ప్లైవుడ్ కన్నా బరువు, మూలలు తగిలితే పొడిపొడిగా రాలిపోతుంది, తడి తగిలితే ఉబ్బుతుంది. ఇంట్లో కదలకుండా ఉండే స్పీకర్లకు సరే, మోసుకు తిరిగేదానికి కాదు.

చెక్క బిగువు మందపు ఘనం (క్యూబ్) చొప్పున పెరుగుతుంది. 12కు బదులు 18 వాడితే మూడు రెట్లకు పైగా గట్టిపడుతుంది, నిజమే. కానీ పెద్ద పలక నడుమ ఒక ఊతకర్ర అతికిస్తే, అదిరే చోటే సగమవుతుంది కాబట్టి అంతకంటే ఎక్కువ ఫలితం వస్తుంది, బరువు పిడికెడే పెరుగుతుంది. నేనైతే ముందు పలక ఒక్కటి 18, మిగతావన్నీ 12 వాడి, రెండు పక్క పలకలను కలుపుతూ ఒక అడ్డకర్ర, ముందు వెనుకలను కలుపుతూ ఇంకొకటి పెడతాను. అడ్డకర్ర సరిగ్గా మధ్యలో వద్దు, కాస్త పక్కకు జరపండి. రెండు సగాలూ ఒకే స్వరానికి అదరకుండా ఉంటాయి. పలకను పిడికిలితో తట్టి చూడండి. బొళబొళ మోగితే ఇంకో కర్ర కావాలి. పొట్టిగా, పొడిగా టక్‌మంటే చాలు.

పిడి సంగతి ఎవరూ చెప్పరు. స్పీకర్ బరువంతా ముందు వైపు ఉంటుంది. పిడిని పై పలకకు నడిమధ్యలో పెడితే, ఎత్తిన ప్రతిసారీ పెట్టె ముందుకు ఒరిగి కాలికి కొట్టుకుంటుంది. స్పీకర్ తాత్కాలికంగా బిగించి, పెట్టెను ఒక గుండ్రటి కర్ర మీద నిలిపి, ఎక్కడ తూగుతుందో గీత గీసుకోండి. పిడి ఆ గీత మీద బిగించండి.

నాలుగు తీగలు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. 12 మిల్లీమీటర్లు, ఊతకర్రలు, పోర్టు ఖాయం. ఇంకో రెండు సందేహాలు. చెత్త గొట్టం ముక్కల్లో 5 సెంటీమీటర్లది ఒకటి ఉంది, అది పనికిరాదా? ట్వీటర్ (పై స్వరాల కోసం వేరే చిన్న స్పీకర్) కూడా పెట్టాలా?

రంపపు పొట్టు:

5 సెంటీమీటర్ల గొట్టానికి లెక్క వేస్తే పొడవు ఒకటిన్నర సెంటీమీటర్లు వస్తుంది. అంటే అసలు గొట్టమే అక్కర్లేదు, చెక్క మందం ఉన్న కంత చాలు! వినడానికి బాగుంది కానీ, ఆ ఇరుకులోంచి గాలి పరుగెత్తాల్సిన వేగం చాలా ఎక్కువ. సెకనుకు 17 మీటర్లు దాటనివ్వకూడదని ఒక వాడుక. అది దాటితే లావు తీగ మీటిన ప్రతిసారీ ఫుస్‌మని గాలి చప్పుడు వినిపిస్తుంది. 10 సెంటీమీటర్లదే వాడండి, రెండు చివర్లూ ఉప్పుకాగితంతో గుండ్రంగా నునుపు చేయండి.

ట్వీటర్ మీ వాయించే తీరును బట్టి ఉంటుంది. పన్నెండంగుళాల కోన్ వెయ్యి హెర్ట్జ్ దాటాక శబ్దాన్ని సూటిగా ముందుకే పంపుతుంది, పక్కన నిలబడ్డవాళ్ళకు స్పష్టత తగ్గుతుంది. బొటనవేలితో కొట్టి, లాగి వాయించేవారికి ఆ పై భాగం కావాలి. వేళ్ళతో మీటేవారికి అంత అవసరం లేదు. మొదటి పెట్టెకు వద్దంటాను. స్వరాలను రెండు స్పీకర్లకూ పంచే క్రాసోవర్ లెక్క వేరే పురాణం.

అసలు జాగ్రత్త ఒకటి చెప్పాలి. పోర్టు పెట్టెలో 50కి కిందికి వెళ్తే కోన్ వెనుక గాలి పట్టు సడలుతుంది. కోన్ విపరీతంగా ఊగుతుంది గాని శబ్దం మాత్రం రాదు. యాంప్లిఫయర్‌లో బేస్ నాబ్‌ను చివరిదాకా తిప్పితే మీ 5 మిల్లీమీటర్ల ఎక్స్‌మాక్స్ (కోన్ శుభ్రంగా కదలగల దూరపు హద్దు) ఇట్టే దాటిపోతుంది. స్పీకర్ మీద రాసిన వాట్లు లోపలి తీగచుట్ట (కాయిల్) వేడికి తట్టుకునే హద్దు మాత్రమే, ఊపుకు కాదు. 35, 40 మధ్య హై-పాస్ ఫిల్టర్ (ఆ కింది స్వరాలను ఆపేది) ఉంటే పెట్టండి, శబ్దం తగ్గినట్టు అనిపించదు, స్పీకర్ బతుకుతుంది. ఐదు తీగల బేస్‌కు మారే ఆలోచన ఉంటే ఇది మరీ ముఖ్యం, ఆ లావు తీగ 31 దగ్గర ఉంటుంది.

పెద్ద పెట్టె:

సరే, గొట్టానికి ఒప్పుకున్నాను. నా వంతుగా బిగింపుల గురించి రెండు ముక్కలు. స్పీకర్‌ను మామూలు చెక్క మరలతో బిగించకండి, రెండుసార్లు విప్పేసరికి పట్టు వదిలేస్తుంది. ముందు పలక వెనుక నుంచి టీ-నట్లు (చెక్కలో దిగి పట్టుకునే నట్లు) కొట్టి, బోల్టులతో బిగించండి. స్పీకర్ అంచు కింద మెత్తటి ఫోమ్ పట్టీ వేయండి. వెనుక సాకెట్ స్పీకాన్ రకం పెట్టండి. గిటార్ జాక్ లాంటిదైతే, వాయిస్తుండగా ఊడి వచ్చేటప్పుడు లోపలి రెండు కొనలూ ఒకదానికొకటి తగిలి యాంప్లిఫయర్‌కు షార్ట్ అవుతుంది. స్పీకాన్ తిప్పితే లాక్ పడుతుంది.

స్పీకర్ వైర్లు అతికాక 1.5 వోల్టుల సెల్‌ను ఒక్క క్షణం తాకించి చూడండి. ప్లస్ కొన ఎరుపు టెర్మినల్‌కు తగిలితే కోన్ ముందుకు రావాలి. ఒక్క స్పీకరే కాబట్టి తలకిందులైనా ఇప్పుడు నష్టం లేదు, రేపు రెండో పెట్టె చేసి పక్కన పెడితే మాత్రం ఒకదాన్నొకటి చంపుకుంటాయి. రెండూ ఎనిమిది ఓమ్‌లవైతే కలిసి నాలుగు అవుతాయి, అప్పుడు మీ 300 వాట్లూ అందుతాయి.

నాలుగు తీగలు:

రెండో పెట్టె మాట అప్పుడే ఎత్తకండి, ఇంట్లో వినపడుతుంది. లోపల దూది లాంటిది నింపాలా? ముందు జాలీ ఎంత దూరంలో ఉండాలి?

మెట్ల మీద మోత:

నింపకూడదు, గోడలకు మాత్రం అతికించాలి. వెనుక పలకకు, పై పలకకు, ఒక పక్కకు రెండున్నర సెంటీమీటర్ల పాలిస్టర్ పొర చాలు. దానివల్ల మంద్రం మారదు, పెట్టెలో అటూ ఇటూ తిరిగే మధ్య శబ్దాల గుంజాటన తగ్గుతుంది. గొట్టం లోపలి మూతి దగ్గరికి రానివ్వకండి. జాలీ కోన్‌కు కనీసం ఒక సెంటీమీటరు ఎడంగా ఉండాలి. బిగించాక లావు తీగను గట్టిగా మీటి, జాలీ మీద వేలు పెట్టి చూడండి. వేలు పెడితే గరగర ఆగిపోతోందంటే దాని కింద ఫోమ్ పట్టీ చాలలేదన్నమాట.