పర్మ్‌క్యాత్: డయాలసిస్ మధ్యలో చలిజ్వరం

ప్రశ్న (నల్లగొండ): మా నాయినకు మెడ దగ్గర పర్మ్‌క్యాత్ (డయాలసిస్ కోసం పెద్ద రక్తనాళంలోకి పెట్టే గొట్టం) ఉంది. మిషన్ ఎక్కిన అరగంటకే వణుకు, 102 జ్వరం. బయట ఎరుపు, చీము ఏం లేవు. పారాసిటమాల్ సరిపోతదా?

జవాబు: సరిపోదన్నా, ఈరోజే డాక్టర్‌కు చూపించండి. బయట మంచిగున్నా గొట్టం లోపల సూక్ష్మజీవుల పొర పట్టొచ్చు. మిషన్ నడవంగనే అవి రక్తంలో కలుస్తయి. యాంటీబయాటిక్ ఎక్కించకముందే రెండు బ్లడ్ కల్చర్లు (రక్తంలో సూక్ష్మజీవులు పెరుగుతున్నయా చూసే పరీక్ష) తీయాలె: గొట్టం నుంచి ఒకటి, చెయ్యి నుంచి ఒకటి. చెయ్యి శాంపిల్ కంటే గొట్టం శాంపిల్‌లో సూక్ష్మజీవులు కనీసం 2 గంటలు ముందు పెరిగితే దోషం గొట్టానిదే అనుకోవచ్చు.

జవాబు: కల్చర్‌లో స్టాఫ్ ఆరియస్ (ఒక బ్యాక్టీరియా) గానీ, క్యాండిడా (ఒక ఫంగస్) గానీ వస్తే సాధారణంగా గొట్టం తీసేస్తరు. తీసినా జ్వరం తగ్గకుంటే ఎకో (గుండె స్కాన్) అడగండి, ఇన్ఫెక్షన్ గుండె కవాటాలకు పాకొచ్చు.

జవాబు (పాలమూరు): మూత విప్పినంక హబ్‌ను (గొట్టం చివర సిరంజి తగిలించే భాగం) డయాలసిస్ సిబ్బంది క్లోరెక్సిడిన్ అనే క్రిమినాశక మందుతో 15 సెకన్లు రుద్ది, ఆరనిస్తున్నరా చూడండి. తడి మీదనే సిరంజి పెడితే రుద్దినా దండగే. గొట్టం బదులు ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని, సిరను కలిపే ఆపరేషన్) సంగతీ డాక్టర్ దగ్గర కదిలించండి.