డాక్సీసైక్లిన్ (యాంటీబయాటిక్) కోర్సు పూర్తయినా మూత్రంలో మంట తగ్గలేదు, తర్వాత ఏం చేయాలి?

నా వయసు 31. మూత్రానికి వెళ్లినప్పుడు మంట, పొద్దున లేవగానే మూత్రనాళం చివర పల్చటి తెల్లటి స్రావం. జ్వరం లేదు, వృషణాల్లో నొప్పీ వాపూ లేవు.

స్కిన్ డాక్టర్ స్రావాన్ని మైక్రోస్కోప్ కింద చూసే స్లైడ్ పరీక్ష చేయించారు. చీముకణాలు ఉన్నాయి, గనేరియా క్రిములు కనిపించలేదు. మూత్రం పీసీఆర్‌లో (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) కలయికతో సోకే గనేరియా, క్లమీడియా, ట్రైకోమోనాస్ నెగెటివ్. హెచ్ఐవీ, సిఫిలిస్ కూడా నెగెటివే. డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు 2 సార్లు, 7 రోజులు వాడాను. ఒక్క డోసూ తప్పలేదు. నా భార్యా అదే కోర్సు వాడింది, ఇద్దరం కలయికకు దూరంగానే ఉన్నాం. మంట సగం తగ్గింది కానీ కోర్సు అయిన 2 వారాలకు స్రావం మళ్లీ మొదలైంది. స్లైడ్‌లో మళ్లీ చీముకణాలు.

యూరిన్ కల్చర్‌లో (మూత్రంలోని క్రిములను పెంచి చూసే పరీక్ష) ఏమీ పెరగలేదు. కలయికతో సోకే మైకోప్లాస్మా జెనిటాలియం అనే బ్యాక్టీరియా మామూలు కల్చర్‌లో దొరకదని, దానికి విడిగా పీసీఆర్ చేయాలని, డాక్సీసైక్లిన్ ఒక్కదానితో అది చాలామందికి పోదని చదివాను. మా ఊళ్లో ఆ పరీక్ష లేదు. మాక్సిఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్ 400 మి.గ్రా. రోజుకొకటి 7 రోజులు వాడి చూద్దామంటున్నారు డాక్టర్. క్రిమి ఏదో తేలకుండా నా భార్యకూ అంత బలమైన మందు ఇవ్వాల్సి వస్తుందేమోనని నా టెన్షన్.

ఇలాంటి పరిస్థితిలో పరీక్ష లేకుండానే మాక్సిఫ్లాక్సాసిన్ మొదలుపెట్టడం మంచిదా, లేక శాంపిల్ హైదరాబాద్ పంపి మైకోప్లాస్మా రిపోర్టు వచ్చేదాకా ఆగాలా?